స్థౌల్య చికిత్స – ఖర్చు పెట్టలేనివారు ఎక్కడ మొదలుపెట్టవలెను?

గత సంవత్సరము వైశాఖమాసములో వరంగల్లు గిర్మాజీపేట నుండి ఒక గృహిణి నా వైద్యశాలకు వచ్చినది. వయస్సు 38 సంవత్సరములు, ఎత్తు ఐదు అడుగులు, బరువు 76 కిలోలు. నాలుగు మెట్లెక్కిన ఆయాసము, మోకాళ్ళ నొప్పులు, ఒడలంతయు చెమట, ఎంత తిన్నను తీరని ఆకలి. భర్త బట్టల దుకాణములో గుమాస్తా. అత్తగారితో కలిపి ఇంటిలో ఐదుగురు. ఆమె కూర్చున్న వెంటనే సంచిలో నుండి ఒక ఖాళీ డబ్బా తీసి నా బల్లమీద పెట్టినది. నెలరోజులలో పది కిలోలు తగ్గుదురని చెప్పి అమ్మిన పొడి డబ్బా అది. చీటీ ఎత్తిన డబ్బులో కొంత, ఇంటిలో ఎవరికిని చెప్పకుండ, దానికై ఖర్చుపెట్టినదట. మూడు డబ్బాలు వాడగా రెండు కిలోలు తగ్గినవి. మానిన రెండు నెలలకు మూడు కిలోలు పెరిగినవి.

"పంతులుగారూ, మందు రాసియ్యండి గని ఖర్చు ఎక్కువయ్యేది రాయకండి. మల్ల ఇంట్ల పైసలడిగేటందుకు నాకు మొఖం లేదు" అన్నది.

ఈ మాట నేను వారమునకు ఒకసారియైనను వినుచుందును. బరువు తగ్గుట ధనవంతుల వ్యవహారమనియు, దానికి జిమ్ము, ప్రత్యేకమైన ఆహారము, విలువైన మందులు కావలెననియు మధ్యతరగతి కుటుంబములలో ఒక అభిప్రాయము స్థిరపడిపోయినది. కాని వ్యాధి మాత్రము ధనవంతుల ఇండ్లకే పరిమితము కాలేదు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన తెలంగాణలో 15 నుండి 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో ప్రతి పదిమందికి సుమారు ముగ్గురు అధిక బరువు కలవారే. కావున డబ్బు లేనివారు ఈ చికిత్సను ఏ విధముగ ఆరంభింపవలెనో ఆ గృహిణి విషయమునే ఆధారముగ చేసికొని వ్రాయుచున్నాను.

శాస్త్రము చూపిన కిటుకు

చరక సంహిత సూత్రస్థానములో 21వ అధ్యాయము ముఖ్యముగ ఈ విషయమునకే కేటాయింపబడినది. మిక్కిలి లావైనవారిని, మిక్కిలి బక్కచిక్కినవారిని ఒకేచోట చెప్పి, ఇద్దరిలో బక్కవాడే నయమని ఆచార్యుడు తీర్పు చెప్పినాడు. కారణము గమనింపదగినది. బక్కవానికి పుష్టినిచ్చు ఆహారము పెట్టిన సరిపోవును. లావైనవానికి పుష్టి పెట్టిన మేదస్సు పెరుగును, పస్తు పెట్టిన అగ్నిని, వాయువును ఓర్చుకొనలేడు. చికిత్స రెండు వైపుల నుండియు కష్టమే.

అతిగా తినుట, తీపి, నేయి, నూనెలు కల ఆహారము, వ్యాయామము లేకుండుట, పగటి నిద్ర, చింత లేకుండుట, తల్లిదండ్రుల నుండి వచ్చిన బీజ స్వభావము – ఇవి స్థౌల్యమునకు కారణములని అచ్చట చెప్పబడినది. వంశపారంపర్యమును మన ఆచార్యులు అప్పుడే గుర్తించిరి. అందుచేత లావుగా ఉన్న ప్రతివారిని తిండిపోతులని నిందించుట శాస్త్ర సమ్మతము కాదు. చింత లేకుండుట అను కారణము మాత్రము మా ఊరి మధ్యతరగతి ఇండ్లకు అంతగా వర్తించుట లేదు. నెలాఖరు చింత నిండుగ ఉండియు లావగుచున్నవారిని నేను చాలమందిని చూచుచున్నాను.

ఇక అసలు కిటుకు. స్థూలకాయునికి అంత ఆకలి ఎందుకు? మేదస్సు పెరిగి శరీరములోని మార్గములను మూసివేయును. అప్పుడు వాయువు కోష్ఠములోనే తిరుగుచు జఠరాగ్నిని ఊదును. కొలిమి తిత్తి ఊదినకొలది నిప్పు మండినట్లు తిన్నది వెంటనే జీర్ణమై మరల ఆకలి వేయును. తిన్నది మరల మేదస్సుగనే మారును. ఇతర ధాతువులకు పోషణ అందదు. అందుకే మనిషి పెద్దగ కనిపించియు బలహీనుడై ఉండును.

ఇట్టి అగ్నికి పస్తు ఔషధము కాదు. ఒకపూట మానినవాడు రెండవపూట రెండింతలు తినును. ఇది నా అనుభవము, మీ అనుభవము కూడను. పలుచని గంజి త్రాగి బరువు తగ్గవలెనని చూచినవాడు గంట గడువకముందే వంటింటిలోనికి పోవును. అందువలన ఆచార్యుడు ఒక విచిత్రమైన నియమమును చెప్పినాడు. ఆహారము గురువై ఉండవలెను, కాని పుష్టినిచ్చునది కాకూడదు. అనగా కడుపులో బరువుగ నిలిచి ఆకలిని అణచవలెను, అయినను మేదస్సును పెంచరాదు. యవలు, చామలు, అరికెలు, పెసలు, ఉలవలు – ఇవి ఆయన ఇచ్చిన పట్టికలోనివి. పీచు గల ధాన్యములు, పప్పు దినుసులు ఎక్కువసేపు ఆకలి వేయకుండ చేయునని నేటి ఆహార శాస్త్రజ్ఞులు చెప్పుచున్న మాటయు ఇదే.

నా గురువుగారు మంథెనిలో మాకు ఈ అధ్యాయము చెప్పిననాడు పుస్తకము మూయించి, వంటశాలలో ఉన్న ధాన్యములను తెచ్చి చాపమీద పోయించి, వీనిలో ఏది గురువు, ఏది లఘువు, ఏది పుష్టి, ఏది అపుష్టి అని అడిగిరి. బియ్యము దగ్గర అందరము తప్పు చెప్పితిమి.

ఓరుగంటి పాత భోజనము

చరకుని పట్టికలోని ధాన్యముల వంటివి మన ప్రాంతమునకు కొత్తవి కావు. వరంగల్లు చుట్టుపట్ల మెట్ట గ్రామములలో నా బాల్యము వరకు జొన్న గట్క, జొన్న రొట్టె, అంబలి దినభోజనము. వరి అన్నము పండుగకో, చుట్టములు వచ్చిననాడో. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము పథకమును ప్రారంభించినది. 2015 నుండి తెలంగాణలో మనిషికి ఆరు కిలోల చొప్పున రూపాయికి కిలో బియ్యము ఇచ్చిరి. 2025 ఉగాది మొదలుకొని రేషను దుకాణములలో సన్నబియ్యము ఉచితముగ ఇచ్చుట ఆరంభమైనది. ఈ పథకములను నేను తప్పుపట్టుట లేదు. ఆకలితో పడుకొన్న ఇండ్లను నేను చూచితిని. కాని ఒక ఫలితము మాత్రము కలిగినది. ఇంటిలో అన్నింటికంటె చవకైన వస్తువు బియ్యమైనది, అన్నింటికంటె తక్కువగ కనిపించునది కూరయైనది. కంచములో అన్నము గుట్ట, దానిపై రెండు చెంచాల కూర. పొలములో దినమంతయు నాగలి పట్టినవానికి అది చెల్లినది. దుకాణములో కూర్చుండువానికి, ఇంటిలో మిక్సీ, వాషింగ్ మెషీను మధ్య తిరుగు ఇల్లాలికి చెల్లుట లేదు.

ఆ గృహిణికి నేను ఉదయపు ఆహారముగ జొన్న గట్క చెప్పగా ఆమె ముఖము చిన్నబోయినది. ఇంటిలో అత్తగారు ఒప్పుకొనరన్నది. "మేం లేనోళ్ళమని గట్క తింటున్నమా అంటది" అన్నది. ఇది నవ్వి త్రోసివేయవలసిన మాట కాదు. ఆ పెద్దావిడ బాల్యములో గట్క తప్ప వేరు లేక తిన్నది. బియ్యపు అన్నము ఆమెకు కష్టములు గట్టెక్కిన గుర్తు. అందుచేత వారము తరువాత ఆ అత్తగారినే పిలిపించి, "అమ్మా, గట్క వండుట ఈ పిల్లకు రాదట, నీవు నేర్పవలెను" అని అడిగితిని. ఆమె చెప్పిన పద్ధతినే ఇచ్చట వ్రాయుచున్నాను.

జొన్నలను కడిగి ఆరబెట్టి రవ్వగ విసరించవలెను. ఒక చిన్న గ్లాసు రవ్వకు నాలుగు గ్లాసుల నీరు. నీరు తెర్లిన తరువాత రవ్వను కొద్దికొద్దిగ పోయుచు గరిటెతో కలుపుచుండవలెను, లేకున్న ఉండలు కట్టును. సన్నని మంటమీద మూతపెట్టి మెత్తబడువరకు ఉడికించి దింపవలెను. ఇది ఇద్దరికి సరిపోవును. వెన్న తీసిన పలుచని మజ్జిగ, పచ్చి ఉల్లిగడ్డ, లేదా ఆకుకూర పప్పుతో తినవచ్చును. ఊరగాయ నూనెతో తిన్నచో ప్రయోజనము సగము పోవును. గట్క చేయుటకు తీరిక లేనివారు నూనె లేని జొన్న రొట్టె ఒకటి లేక రెండు చేసికొనవచ్చును.

ఒక హెచ్చరిక. ఇటీవల సిరిధాన్యముల పేరుతో అరికెలు, కొర్రలు, సామలు, ఊదలు అందమైన సంచులలో బియ్యమునకు రెండింతలు, మూడింతలు ధరకు అమ్ముచున్నారు. మంచివే, కాదనను. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్య సమితి చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించిన తరువాత వాని పేరు పట్టణములలో మారుమ్రోగినది. కాని డబ్బు చూచుకొనవలసినవారు వాని వెంట పరుగెత్తనక్కరలేదు. జొన్నలు చాలును. మరియు కొర్రల అన్నమైనను గుట్టగ తిన్నవాడు లావే అగును.

ఉలవలను గురించి ప్రత్యేకముగ చెప్పవలెను. రాత్రి గుప్పెడు ఉలవలు నానవేసి ఉదయము మెత్తగ ఉడికించి, ఆ నీటిలో చింతపండు, జీలకర్ర, మిరియాలు వేసి చారు కాచుకొనవలెను. ఉడికిన గింజలను పారవేయక సాయంత్రము గుగ్గిళ్ళుగ తినవలెను. బజ్జీలు, మిర్చీలు తిను వేళకు ఇవి కడుపులో ఉన్నచో ఆ బండి దగ్గరకు కాలు పోదు. హోటళ్ళలో మీగడ పోసి ఇచ్చు ఉలవచారు వేరు, ఇది వేరు. ఉలవలు ఉష్ణము చేయును. కడుపులో మంట, పుండు ఉన్నవారు, ముక్కు నుండి గాని మరి ఏ విధముగ గాని రక్తము పోవు స్వభావము కలవారు, గర్భిణులు వీనిని మాని పెసలు వాడుకొనవలెను.

వంటింటి లెక్క

గృహిణిని నేను అడిగిన ప్రశ్నలలో ఆమెకు ఆశ్చర్యము కలిగించినది, "అమ్మా, నెలకు నూనె ఎన్ని పాకెట్లు?" అనునది. ఆరు అన్నది. లీటరు పాకెట్టులో నూనె సుమారు 910 గ్రాములు ఉండును. ఆరు పాకెట్లను ఐదుగురికి, ముప్పది దినములకు పంచగా మనిషికి దినమునకు 36 గ్రాములు వచ్చినది. గ్రాము నూనెకు 9 కేలరీలు. అనగా ఒక్క నూనె ద్వారానే 320 కేలరీలకు పైగా లోనికి పోవుచున్నవి. ఎవరు ఎంత తినుచున్నారో ఎవరికిని తెలియదు, ఎందుకనగా నూనె కంచములో కనిపించదు.

ఆమెకు నేను చెప్పినది ఒక్కటే. నెల మొదట నాలుగు పాకెట్లు మాత్రమే కొనవలెను, ఐదవది కొనరాదు. కూరలో తగ్గించుమని చెప్పిన ఎవరును తగ్గించలేరు. దుకాణములో తగ్గించినచో వంటింటిలో అదియే తగ్గును. ఈ మార్పుతో మనిషికి దినమునకు 24 గ్రాములైనది. సుమారు 110 కేలరీలు తగ్గినవి, రెండు పాకెట్ల డబ్బు మిగిలినది. ఆ డబ్బు కూరగాయలకు పెట్టుమంటిని. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, తోటకూర, పాలకూర, మునగాకు – ఇవి ఏవియు ఖరీదైనవి కావు.

తరువాత చాయ్. దినమునకు నాలుగుసార్లు, ప్రతిసారి రెండు చెంచాల చక్కెర. చెంచా ఐదు గ్రాముల చొప్పున 40 గ్రాములు, అనగా 160 కేలరీలు. చాయ్ మానుమని నేను ఎన్నడును చెప్పను. వరంగల్లులో చాయ్ మానుమన్న వైద్యుని మాట ఎవరు విందురు? రెండుసార్లకు తగ్గించి, ఒక్కొక్క చెంచా వేసికొనుమంటిని. 120 కేలరీలు తగ్గినవి. బెల్లము వేసికొనిన లావుకారని కొందరు అందురు. బెల్లమునకును, చక్కెరకును బరువు విషయములో గొప్ప భేదము లేదు.

మూడవ విషయము ఆమె తానై చెప్పలేదు. రెండవసారి వచ్చినప్పుడు, రాత్రి భోజనము ఎవరితో చేయుచున్నావని అడుగగా బయటపడినది. అందరును తిన్న పిమ్మట ఆమె తినును. తాను తిన్న తరువాత గిన్నెలో అన్నము మిగిలిన, పిల్లలు కంచములో వదలిన, "పారేస్తే పాపం గదా" అని అదియు తినును. గిన్నెలో మిగిలినది ఒక చిన్న కటోరా అన్నమైనను 150 గ్రాములుండును. దాదాపు 200 కేలరీలు. మన ఇండ్లలో స్త్రీల లావునకు ఇది ఎంత పెద్ద కారణమో పురుషులు గమనింపరు. ఇల్లాలి కడుపును చెత్తబుట్టగ వాడుకొనుచున్నామని నేను ఆమె భర్తతో చెప్పితిని. మాట కటువుగనే ఉండవచ్చును. అన్నము పారవేయుట తప్పే. దానికి మందు బియ్యమును కొలిచి వేయుట. ఆమె చేతి అంచనాతో బియ్యము వేసెడిది. చిన్న గ్లాసుతో కొలిచి, ఎప్పటికంటె అరగ్లాసు తగ్గించి వేయగా మిగులుట ఆగినది. ఏనాడైన మిగిలినచో నీరు పోసి ఉంచి, ఉదయము గట్కకు బదులు ఆ చద్దన్నమునే మజ్జిగతో తిను ఏర్పాటు చేసితిని.

ఈ మూడింటితో దినమునకు నాలుగు వందల కేలరీలకు పైగా తగ్గినవి. ఆమె చెంత నుండి ఒక రూపాయియు ఖర్చు కాలేదు. ఒక కిలో కొవ్వు కరుగుటకు 7,700 కేలరీలు తగ్గవలెనని లెక్క. ఈ లెక్క చొప్పున నెలకు కిలోన్నర తగ్గుట న్యాయము. అంతకుమించి నెలకు రెండు కిలోలకంటె ఎక్కువ తగ్గవలెనని ఎవరును ఆశింపరాదు.

నీరు త్రాగు వేళను గురించి వాగ్భటుడు చెప్పినది ఉచితముగ వచ్చు ఉపాయము. భోజనమునకు ముందు నీరు త్రాగువాడు చిక్కును, మధ్యలో త్రాగువాడు సమముగ ఉండును, చివర త్రాగువాడు లావగునని ఆయన అభిప్రాయము. కంచము ముందు కూర్చుండుటకు ముందే ఒక గ్లాసు నీరు త్రాగుట నేను అందరికి చెప్పుచున్నాను. మూత్రపిండముల వ్యాధి, గుండె నీరసము కారణముగ నీరు తగ్గించుమని వైద్యులు చెప్పినవారు మాత్రము వారి మాటనే పాటింపవలెను.

నడక

వ్యాయామము తన బలములో సగమునకే చేయవలెనని శాస్త్రము. నుదుట, ముక్కుమీద, చంకలలో చెమట పట్టి, నోటితో శ్వాస తీసికొనవలసి వచ్చినచో అచ్చటికి సగము బలము ఖర్చయినట్లు. అక్కడ ఆపవలెను. గ్రీష్మమున ఇంకను తగ్గించవలెను. మా వరంగల్లు ఎండలు ఎరిగినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. చైత్ర వైశాఖములలో సూర్యోదయమునకు ముందే ముగించవలెను.

భద్రకాళి చెరువు కట్టమీద, వడ్డేపల్లి చెరువు కట్టమీద, హనుమకొండ పబ్లిక్ గార్డెనులో ఉదయము నడచువారు ఎందరో కలరు. అయినను అంతదూరము పోవుటకు బస్సు, ఆటో ఎక్కవలసినవారు తమ వీధిలోనే నడువవలెను. గృహిణి మొదటి వారము పది నిమిషములు నడచినది. వారమునకు ఐదు నిమిషముల చొప్పున పెంచి నలభై నిమిషములకు వచ్చినది. బూట్లు కొనవలెనా అని అడిగినది. కాలికి సరిపోయి జారని చెప్పులు చాలునంటిని. పద్మాక్షి గుట్ట, గోవిందరాజుల గుట్ట మెట్లెక్కుట మంచి వ్యాయామమే కాని, మోకాళ్ళ నొప్పి కలవారు బరువు కొంత తగ్గువరకు ఆ మెట్ల జోలికి పోరాదు.

పగటినిద్ర మానుట కూడ వ్యాయామములో భాగమే అనుకొనుడు. మధ్యాహ్న భోజనము చేసి, టీవీ ముందు కునుకు తీయు అలవాటు కలవారు ఆ వేళకు ఉలవలు ఏరుట, ఆకుకూర బాగుచేయుట పెట్టుకొనవలెను. వేసవిలో ఇతరులకు పగటినిద్రను శాస్త్రము అనుమతించినది. మేదస్సు పెరిగినవారికి మాత్రము అనుమతించలేదు.

మందులను గురించి

ఇంతవరకు మందు పేరే ఎత్తలేదేమని పాఠకులు అనుకొనవచ్చును. గృహిణికి నేను ఇచ్చినది త్రిఫలా చూర్ణము ఒక్కటే. పెచ్చులు మాత్రమే తీసిన కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ సమభాగములుగ దంచి జల్లించి, రాత్రి పడుకొనుటకు ముందు అరచెంచా గోరువెచ్చని నీటితో సేవించవలెను. మలబద్ధము తీరును, కడుపు తేలికపడును. ఇది కొవ్వును కరిగించునని నేను చెప్పుట లేదు. పైన చెప్పిన ఆహార నియమమునకు ఇది తోడు. గర్భిణులు, విరేచనములు అగుచున్నవారు వాడరాదు.

తేనె నీటిని చరకుడు స్థూలకాయులకు అనుపానముగ చెప్పిన మాట నిజము. కాని ఉదయము తేనె నిమ్మనీరు త్రాగి, ఆ ధైర్యముతో నాలుగు పూరీలు తిన్నచో ఆచార్యుడు ఏమి చేయగలడు? తేనెను మరిగించిన నీటిలో వేయరాదు. మధుమేహము కలవారు దాని జోలికి పోరాదు. నలుగు పెట్టుకొనుట మేదోహరమని శాస్త్రములో ఉన్నది. వారమునకు రెండుసార్లు ఉలవపిండితో రుద్దుకొనిన చర్మము బిగువుగ, చెమట వాసన లేకుండ ఉండును. తూకపు యంత్రము మీద మాత్రము దాని ఫలము నాకు కనిపించలేదు.

గుగ్గులు కల్పములు, లోహ భస్మములు వైద్యుడు చూచి ఇవ్వవలసినవి. తిప్పతీగ కూడ శాస్త్రోక్తమే. కాని ఎవరికివారు నెలల తరబడి వాడుటవలన కొందరికి కాలేయము దెబ్బతిన్నట్లు ఇటీవలి సంవత్సరములలో వైద్య పత్రికలలో వచ్చినది. కావున దానిని నేను ఇంటి చిట్కాగ చెప్పుట మానితిని.

డబ్బాలలో వచ్చు పొడుల సంగతి. సిబుట్రమిన్ అను మందు ఆకలిని చంపి బరువు తగ్గించునది. గుండెకు చేటు తెచ్చునని తేలి 2010లో ఐరోపాలోను, అమెరికాలోను, 2011లో మన దేశములోను దానిని ఆపివేసిరి. ఆ తరువాత కూడ మూలికల పొడి అను పేరుతో అమ్ముచున్న వానిలో ఆ మందే కలిసియుండగా పలు దేశముల అధికారులు పట్టుకొనిరి. పేరు, లైసెన్సు సంఖ్య, అందులోని ద్రవ్యముల పట్టిక లేని పొడిని ఎవరు ఇచ్చినను, వైద్యుడే ఇచ్చినను, నోటిలో వేసికొనకుడు.

నేను చేసిన తప్పు

ఇది 1994 నాటి మాట. కాజీపేటలో ఒక రైల్వే గుమాస్తా లావు తగ్గుటకై నా వద్దకు వచ్చినాడు. నాడి చూచితిని, నాలుక చూచితిని, వారమునకు ఒకదినము మజ్జిగతో ఉపవాసము చేయుమంటిని. నీవు వేరే మందులు ఏమైన వాడుచున్నావా అని అడుగలేదు. ఆయన ఇంగ్లీషు వైద్యుని వద్ద మధుమేహమునకు బిళ్ళలు వాడుచున్నాడు. ఉపవాసదినమున బిళ్ళ యథాప్రకారము వేసికొని, సైకిలు మీద డ్యూటీకి పోవుచు దారిలో చెమటలు పట్టి పడిపోయినాడు. ప్రక్కనున్న చాయ్ దుకాణమువాడు తెలివిగలవాడు, చక్కెర నీళ్ళు త్రాగించినాడు. అట్లు బ్రతికినాడు. మరునాడు ఆయన భార్య వచ్చి నా వాకిట నిలుచుండి ఒక్క మాటయు అనకుండ నన్ను చూచి వెళ్ళినది. ముప్పది సంవత్సరములు దాటినను ఆ చూపు నాకు గుర్తున్నది.

నాటి నుండి నా మొదటి ప్రశ్న, "ఏమేమి గోలీలు వాడుచున్నారు? చీటీ చూపుడు" అనునది. మధుమేహమునకు బిళ్ళలు గాని ఇన్సులిన్ గాని వాడువారు, రక్తపు పోటు, గుండె, మూత్రపిండముల జబ్బులు కలవారు ఆహారము తగ్గించుటకు ముందు తమ వైద్యునితో చెప్పవలెను. బరువు తగ్గినకొలది మందు మోతాదు మార్చవలసియుండును. తమంతట తాము మందు మానరాదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగు పిల్లలు బరువు తగ్గు ప్రయత్నమే చేయరాదు. వారికి నూనె, చక్కెర అతి కాకుండ చూచిన చాలును.

దారము ముడి

ఇంటిలో తూకపు యంత్రము లేదని ఆ గృహిణి విచారపడినది. అవసరము లేదంటిని. ఒక నూలుదారము తీసికొని, ఉదయము పరగడుపున బొడ్డుమీదుగ నడుము చుట్టు బిగించక వదులుచేయక చుట్టి, కలిసినచోట ముడి వేయవలెను. పదిహేను దినములకొకసారి అదే దారముతో కొలిచి, దారము మిగిలినచోట కొత్త ముడి వేయవలెను. స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటిన నడుము మన దేశస్థులకు ప్రమాద సూచకమని నేటి వైద్యులు చెప్పుదురు. పురుషులలో మొలతాడు కట్టుకొనువారికి వేరే దారమే అక్కరలేదు. బరువు చూడదలచినవారు నెలకొకసారి మందుల దుకాణములో చూచుకొనవచ్చును. ప్రతిదినము చూచువారు ప్రతిదినము నిరుత్సాహపడుదురు.

ఆమెకు మొదటి గురిగ నేను పెట్టినది నాలుగు కిలోలు. ఉన్న బరువులో ఇరువదవ వంతు తగ్గినను మోకాళ్ళకు, రక్తపు పోటుకు, చక్కెరకు మేలు కనిపించును. యాభై కిలోలకు రావలెనని మొదటిదినమే అనుకొన్నవారు మూడవ వారమునకు మానివేయుదురు. శ్రావణమాసము నాటికి నాలుగు కిలోలు తగ్గినది. బతుకమ్మ తొమ్మిది దినములు సత్తులు, మలీద, పులిహోర, ఆపై దసరా విందులు. ఆ నెలలో అరకిలో పెరిగి నా వద్దకు రాక తప్పించుకొని తిరిగినది. బజారులో ఎదురైనప్పుడు, పండుగకు తినకున్న ఎప్పుడు తిందువు, రేపటి నుండి మరల గట్క పెట్టుమని నేనే పలుకరించితిని. కార్తీకమాసమునకు 70 కిలోలకు వచ్చినది. దారమున ఏడు ముడులున్నవి. ఇప్పుడు గట్క ఆ ఇంటిలో వారమునకు మూడుదినములు అందరును తినుచున్నారు. అత్తగారు మాత్రము ఇప్పటికిని అన్నమే తినుచున్నది, ఆవిడను నేను బలవంతపెట్టలేదు.

ఈ విధముగ ఎనిమిది వారములు నిజముగ పాటించినను దారములో ముడి కదలకున్నచో మిమ్ములను మీరు నిందించుకొనకుడు. థైరాయిడ్ గ్రంథి మందగించుట, స్త్రీలలో నెలసరి దోషములు, వాడుచున్న కొన్ని మందులు ఇందుకు కారణము కావచ్చును. ఎల్లప్పుడు చలి, జుట్టు రాలుట, మొగము ఉబ్బు, గొంతు బొంగురు ఉన్నవారు థైరాయిడ్ రక్తపరీక్ష తప్పక చేయించుకొనవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ పరీక్షకు డబ్బు తీసికొనరు. ఆ కాగితము, మీరు వాడుచున్న మందుల చీటీ, దారము – ఈ మూడును వెంటబెట్టుకొని వైద్యుని వద్దకు వెళ్ళవలెను.